ముల్లు చెప్పిన వంద

నా నోరు మంచిది కాదని కోల్న్ ఊళ్ళో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళు బ్రెడ్డు వ్యాను నడిపాను. నిన్నటి రొట్టె అంటగట్టావని నాతో వాదించి గెలిచిన దుకాణంవాడు ఒక్కడూ లేడు. అలాంటిదాన్ని, ఏడాదిపాటు చంటిపిల్లని ఆడించినట్టు ఆడించారు. పరాయివాళ్ళు చేసుంటే నాలుగు తిట్టి మరిచిపోయేదాన్ని. చేసింది నా ఇంటివాళ్ళే.

మా కుర్రతనంలో మోటారుసైకిలు మీద గంటకి వంద మైళ్ళు తాకడం అంటే మాటలు కాదు. ఫలానావాడు వంద కొట్టాడంటే కాఫీ హోటల్లో వాడికి కుర్చీ ఖాళీ చేసి ఇచ్చేవాళ్ళు. కొట్టనివాడు ఎంత బుద్ధిమంతుడైనా పోస్టుమ్యాను కిందే లెక్క. ఆడపిల్లలకి అసలు లెక్కే లేదు. మాకు వెనక సీటు, తలకి రుమాలు, అంతే.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు ఎల్లిస్ ఓర్మరోడ్ తన ఐదువందల సీసీ బండి మీద నన్నెక్కించుకుని గుట్ట మీది తిన్నని రోడ్డుకి తీసుకెళ్ళాడు. గాలికి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే అతని భుజం మీదుగా మీటరు వైపు చూశాను. ముల్లు వంద మీద నిలబడి ఉంది. "చూశావా థర్జా!" అని అరిచాడు. రోడ్డు చివర బండి ఆపి, చేతితొడుగులు కూడా విప్పకుండా, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. అప్పట్లో నా వెంట ఇంకొకతను కూడా తిరిగేవాడు. సహకార దుకాణంలో గుమాస్తా, నెమ్మదస్తుడు, మంచివాడు. ఆ క్షణంలో అతని పేరు కూడా నాకు గుర్తురాలేదు. సరేనన్నాను.

కాపురం బాగానే సాగింది. బండిని ఎల్లిస్ నాకంటే ఎక్కువ తుడిచేవాడు. ఊరి సందుల్లో నడపడం నాకూ నేర్పాడు గానీ పెద్ద రోడ్డు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. "నీకెందుకే, నీ తరఫున నేను కొట్టాగా" అనేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు మాత్రం, పోవడానికి ముందు, నా చెయ్యి పట్టుకుని వేరే మాట అన్నాడు.

"బండి నీదే థర్జా. ఒక్కసారి వంద కొట్టు. నువ్వు కొట్టగలవు."

జన్మంతా వెనక సీటులో కూర్చోబెట్టిన మనిషి ఆ మాట అనేసరికి నేను నర్సుల ముందే ఏడ్చాను. అప్పటినుంచి నాకు అదొక్కటే పట్టుదల. ముల్లు వంద మీద నిలబడటం ఈసారి ముందు సీటులోంచి చూడాలి. అది చూడకుండా నేను చావను.

మా అమ్మాయి లోర్నా గోల పెట్టింది. "యాభై ఎనిమిదేళ్ళొచ్చాయమ్మా నీకు! రోజూ మోకాళ్ళకి మందు రాసేది నేను. వంద కొట్టేది నువ్వా?"

"మోకాళ్ళతో నడుపుతారటే బండిని?" అన్నాను. అది రుసరుసలాడుతూ వెళ్ళిపోయింది.

అడ్డు చెప్పకుండా సాయానికి వచ్చినవాడు మా మరిది హెడ్లీ ఒక్కడే. ఎల్లిస్ తమ్ముడు. లేతు మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక షెడ్డులో ఇప్పటికీ ఒక లేతు పెట్టుకుని పొద్దస్తమానం ఏదో ఒకటి తరుగుతూ ఉంటాడు. అతను పెట్టిన షరతు ఒక్కటే.

"ఈ ముందు బ్రేకుతో వంద అంటే నేనొప్పుకోను వదినా. ముందు చక్రం మార్చాల్సిందే."

అందులో తప్పు పట్టడానికేం లేదు. మా బండి పాత బ్రేకు బండిని ఆపేది కాదు, దయచేసి ఆగుతావా అని అడిగేది. హెడ్లీ ఎక్కడినుంచో వేరే రకం బండి ముందు చక్రం తెచ్చాడు. కొలత పాత చక్రం కొలతే, బ్రేకు మాత్రం రెండువైపులా ఉన్న పెద్దది. చిక్కంతా స్పీడోమీటరు దగ్గర వచ్చింది. మా బండికి మీటరు తిరిగేది ముందు చక్రంతోనే. ఇరుసు మీద, చక్రం పక్కన, గుండ్రటి గేరు డబ్బా ఒకటి ఉంటుంది. దానికి రెండు నాలుకలు. అవి చక్రం నడిమి హబ్బులోని రెండు గాళ్ళలో కూర్చుంటాయి. చక్రం తిరిగితే నాలుకలు తిరుగుతాయి, డబ్బాలోని పళ్ళు కేబులుని తిప్పుతాయి, కేబులు పైన ముల్లుని లేపుతుంది. కొత్త చక్రం హబ్బుకి ఆ గాళ్ళు లేవు. లోపలంతా నున్నగా ఉంది, పైగా బొక్క పెద్దది.

హెడ్లీ అల్యూమినియం దిమ్మలోంచి రింగు తీశాడు, హబ్బులో బిగుతుగా కూర్చునేలా. అందులో నాలుకలకి గాళ్ళు నేనే కోశాను. ఆకురాయితో నాలుగు సార్లు రుద్దడం, నాలుక పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం. ఇరుసు మీది బుష్షు గొట్టాన్ని ఆ రింగు మందమంత తరిగాం. రెండు వారాలు ఆ షెడ్డులో టీ తాగుతూ, ఎల్లిస్ కబుర్లు చెప్పుకుంటూ చేశాం. అతను పోయాక నేను మనిషిలా గడిపిన రోజులవే. అన్నీ అయ్యాక హెడ్లీ అన్నాడు, "డబ్బా పాతదే సరిపోతుంది వదినా, చక్రం కొలత ఒకటేగా. నా దగ్గర వదిలెయ్యి, విప్పి గ్రీజు పెట్టి ఇస్తాను." మర్నాడు శుభ్రంగా నల్లరంగు కొట్టి మరీ ఇచ్చాడు. ఎంత శ్రద్ధ అనుకున్నాను.

ఆ తరవాత ఊళ్ళో జనమంతా నత్తల్లా నడుపుతున్నారని నాకనిపించింది. ముప్ఫై మీద నేను పోతుంటే వెనక కార్లు హారన్లు కొట్టేవి. "ఈ కాలంవాళ్ళకి తొందరెక్కువ" అని తిట్టుకున్నాను. స్కిప్టన్‌లో మా అక్క ఇల్లు పన్నెండు మైళ్ళు. మీటరు పధ్నాలుగు దాటి చూపించింది. రోడ్డు పనులని కొత్త మలుపులు పెట్టారు కదా, అందుకే పెరిగిందనుకున్నాను. మీటరుని అనుమానించాలని తోచనే లేదు. ఎవరికీ తోచదు కూడా. మోటారుసైకిళ్ళవాళ్ళం పెట్టుకున్న మా మంగళవారం క్లబ్బులో వంద కొట్టినవాడి వెంట స్టాప్‌వాచీ పట్టుకుని ఎవరూ పోరు. ముల్లు చూశానని మనిషి చెప్తే అదే సాక్ష్యం. మీటరుని అనుమానిస్తే మనిషిని అనుమానించినట్టే. పెట్టిన దగ్గర్నించీ మా క్లబ్బు పద్ధతి అది.

కిందటేడు జూన్‌లో ఒక ఆదివారం అదే గుట్ట రోడ్డు మీద కొట్టాను. ట్యాంకు మీద గడ్డం ఆనించి, మోచేతులు లోపలికి ముడిచి పట్టుకుంటే, ముల్లు తొంభై దాటింది, తొంభై ఐదు, ఆపైన వణుకుతూ వణుకుతూ వంద మీదికెక్కింది, ఇక పెంచకుండా అక్కడే నిలబెట్టాను. నేను అరిచిన అరుపు గొర్రెలు తప్ప ఎవరూ వినలేదు. తిరిగొచ్చి క్లబ్బు కూర్చునే పబ్బు తలుపు తోస్తే లోపల అందరూ లేచి నిలబడి ఉన్నారు. బల్ల మీద అల్లం కేకు, దాని మీద చక్కెరతో రాసిన వంద. క్లబ్బు కార్యదర్శి హార్కర్ వెండి బ్యాడ్జి నా కోటుకి గుచ్చాడు. మగవాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వని బ్యాడ్జి అది. కేకు ముందే చేయించి ఉంచారంటే నేను కొట్టి తీరతానని వీళ్ళకి ఎంత నమ్మకమో అని కేకు కోస్తూ ఏడ్చేశాను. లోర్నా కూడా వచ్చి చప్పట్లు కొట్టింది. ఆ రోజు హెడ్లీ ఒక్కడే నా మొహం వైపు చూడలేదు. అన్న గుర్తొచ్చాడు కాబోలు అనుకున్నాను.

మొన్న ఏప్రిల్‌లో గేనర్ వచ్చింది. బస్సు డిపోలో మెకానిక్కు, ముప్ఫై ఏళ్ళ పిల్ల, క్లబ్బులో నా తరవాత చేరిన రెండో ఆడమనిషి. దానికీ అచ్చంగా నా బండే దొరికింది. ముందు చక్రం కూడా నాలాగే మార్చుకోవాలని ముచ్చటపడింది.

"రింగు ఎలా కూర్చుందో చూపిస్తావా పిన్నీ? నా డబ్బా కూడా తెచ్చాను, నాలుకలు కొలిచి చూసుకుంటా."

చక్రం విప్పాను. డబ్బా తీసి పెట్రోలు గుడ్డతో తుడిచాను, పిల్లకి శుభ్రంగా చూపిద్దామని. నల్లరంగు లేచొచ్చింది. కింద అంకెలు చెక్కి ఉన్నాయి. గేనర్ తన డబ్బా పక్కన పెట్టింది. దాని మీదా అంకెలున్నాయి, కానీ వేరేవి.

"ఇదేంటి పిన్నీ, బండి ఒకటే కదా?"

గేనర్ డబ్బా నాలుకని వేళ్ళతో మూడు చుట్లు తిప్పాను. కేబులు పెట్టే చివర ఐదు చుట్లు తిరిగింది. నాది మూడు చుట్లు తిప్పాను. ఆరు తిరిగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆరే.

"అంటే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందన్నమాట" అంది గేనర్, పాపం దానికేం తెలుసు. "ఐదుకి ఆరు... వంద చూపిస్తే ఎనభై మూడు ఉంటుంది. నయం పిన్నీ, పోలీసులకి ఎప్పుడూ దొరకవు!" అని నవ్వింది. ఆ తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

గేనర్‌కి టీ కూడా ఇవ్వకుండా పంపేశాను. ఆ డబ్బా కోటు జేబులో వేసుకుని, అదే గ్రీజు చేతులతో హెడ్లీ షెడ్డుకి నడిచాను. అతను లేతు దగ్గర ఏదో ఇత్తడి ముక్క తరుగుతున్నాడు. డబ్బాని అతని టీ కప్పు పక్కన పెట్టాను. అతను దాన్ని చూసి మిషను ఆపేశాడు.

"ఇది నాది కాదు హెడ్లీ."

"కూర్చో వదినా."

"నిలబడే వింటాను. చెప్పు."

"లోర్నా వచ్చి ఏడ్చింది. నాన్న పోయాడు, అమ్మ కూడా ఆ రోడ్డు మీద పోతే నాకెవరున్నారు బాబాయ్, అంది. నన్నేం చెయ్యమంటావు?"

"నాతో చెప్పమంటాను."

"నీతోనా?" హెడ్లీకి కూడా కోపమొచ్చింది. "నీతో ఎవరు చెప్పగలరు? చెప్తే వింటావా? అందుకే... నీ ముచ్చటా తీరుతుంది, ప్రాణానికీ ఢోకా ఉండదు అనుకున్నాం."

"అనుకున్నాం అంటే ఎవరెవరు? హార్కర్‌కి తెలుసా?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

"కేకు చేయించిందెవరు హెడ్లీ?"

"హార్కర్ వాళ్ళావిడ."

"వాళ్ళావిడకి కూడా తెలుసన్నమాట. అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను కేకు కోస్తూ ఏడుస్తుంటే మీరంతా నిలబడి చూశారు."

"ఎవరూ నవ్వలేదు వదినా, ఒట్టు."

"నవ్వినా బాగుండేది. నవ్వితే నాకు తెలిసేది!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాతో పోట్లాడి ఓడించినా బాధ ఉండేది కాదు. బండి తాళాలు దాచేసినా తిట్టి ఊరుకునేదాన్ని. నన్ను గెలిపించి ఓడించారు. ఏడాదిగా ఆ బ్యాడ్జి పెట్టుకుని వీధిలో తిరిగాను. బ్యాంకులో గుమాస్తా పిల్లకి కూడా చెప్పాను. "ఎల్లిస్ ఉంటే మీ అందరి నడుములూ విరగ్గొట్టేవాడు. అతను కొట్టింది అసలు వంద. ముల్లు నా కళ్ళతో నేను చూశాను."

హెడ్లీ తల దించుకున్నాడు. సిగ్గుపడి దించుకున్నాడని ముందు అనుకున్నాను. కానీ సిగ్గుపడేవాడు అలా పెదవి కొరుక్కోడు.

"ఏంటి?"

"ఏం లేదు."

"హెడ్లీ ఓర్మరోడ్, నేను నీ లేతు ఎత్తి కాలవలో పడేస్తాను. ఏంటి?"

అతను ఆ డబ్బాని వేలితో కొంచెం నా వైపు జరిపాడు.

"ఇది నేను కొత్తగా ఎక్కడినుంచో తెచ్చాననుకుంటున్నావా వదినా? ఇది అన్నయ్యదే. నిన్ను ఆ గుట్ట రోడ్డుకి తీసుకెళ్ళడానికి ముందు రోజు నా చేతే వేయించాడు. పెళ్ళయ్యాక తీసేశాం."

నాకు వెంటనే అర్థం కాలేదు. చెవికెక్కింది గానీ బుర్రకెక్కలేదు. అతను ఇక ఆగలేకపోయాడు, ఇన్నేళ్ళూ మోసిన మూట దించుకున్నట్టు గబగబా చెప్పేశాడు.

"ఆ బండి తొంభై రెండో మూడో దాటదు వదినా. పుట్టుకతోనే అంతే. అన్నయ్యకి మొదట్నించీ తెలుసు."

"ఆస్పత్రిలో నన్ను వంద కొట్టమన్నాడు."

"తెలుసు. ఆ సాయంత్రమే నన్ను పిలిచి అడిగాడు, డబ్బా ఇంకా ఉందా అని. లోర్నా వచ్చి ఏడవడం ఆ తరవాతి సంగతి."

కూర్చోనన్న దాన్ని అప్పుడు కూర్చున్నాను. హెడ్లీ టీ పోశాడు. నేను తాగలేదు. నా చెయ్యి పట్టుకుని నువ్వు కొట్టగలవు అన్నప్పుడు ఎల్లిస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నా మీద నమ్మకంతో వచ్చిన నీళ్ళనుకున్నాను. తన గుట్టు బయటపడకుండా ఎలా సర్దాలా అని ఆలోచిస్తున్నాడని ఏ భార్యకి తడుతుంది? బండి నాకొస్తే నేను ఊరుకోనని అతనికి తెలుసు. నేను తిన్నగా నడిపి తొంభై మూడు దగ్గర ఆగిపోతే అతని వంద కూడా పోతుందనీ తెలుసు. అందుకే నా గెలుపు కూడా ముందే అమర్చిపెట్టి పోయాడు.

"నా అసలు డబ్బా ఏది?" అన్నాను.

సొరుగులోంచి తీసి ఇచ్చాడు. నూనె కాగితంలో జాగ్రత్తగా చుట్టి పెట్టాడు. "నేను బిగించనా వదినా?" అన్నాడు. ఇంకొక్క మాట మాట్లాడితే ఏం చేస్తానో నాకే తెలీదని చెప్పి వచ్చేశాను.

నేనే బిగించాను. గాళ్ళు నా చేత్తో కోసినవే, నాలుకలు చక్కగా కూర్చున్నాయి. ఆదివారం పొద్దున, ఊరు ఊరంతా ప్రార్థనకి పోయిన వేళ, ఎవరికీ చెప్పకుండా గుట్ట రోడ్డెక్కాను. మొదటిసారి ఎలా పట్టుకున్నానో అలాగే పట్టుకున్నాను. ఎనభై మూడు దాటినప్పుడు నవ్వొచ్చింది, ఇదేనా నా వంద అని. తొంభై. తొంభై ఒకటి. తొంభై మూడు దగ్గర ఇంజను గొంతు మారింది. ముల్లు వణికింది గానీ కదల్లేదు. రోడ్డు చివరిదాకా అలాగే పట్టుకున్నాను. హెడ్లీ చెప్పింది నిజమే.

రోడ్డు చివర బండి ఆపాను. ఎల్లిస్ నన్ను పెళ్ళికి అడిగిన చోటు. అక్కడిప్పుడు చెత్తడబ్బా, ఐసుక్రీము బండి పెట్టుకునే గచ్చు ఉన్నాయి. గచ్చు మీద కూర్చుని ఆ సహకార దుకాణం గుమాస్తా పేరు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. అతను గొప్పవాడని కాదు. అతనితో వెళ్ళుండేదాన్నని కూడా కాదు, బహుశా ఎల్లిస్‌నే చేసుకునేదాన్ని. తొంభై మూడు కొట్టాను థర్జా, అన్నా చేసుకునేదాన్ని. కానీ ఆ మాట నన్ను అడగలేదు కదా. నా తరఫున సమాధానం ముందు రోజే షెడ్డులో తయారైపోయింది. పేరు మాత్రం గుర్తురాలేదు.

ఇంటికొచ్చేసరికి లోర్నా గుమ్మంలో నిలబడి ఉంది. హెడ్లీ ఫోను చేసి తన్నులు తప్పవని చెప్పినట్టున్నాడు. నేను బండి స్టాండు వెయ్యకముందే మొదలుపెట్టింది.

"తప్పయిపోయిందమ్మా. నువ్వు చెయ్యలేవని కాదు. భయపడ్డాను. నాన్న పోయి ఏడాది కూడా కాలేదు అప్పటికి. నన్ను కొట్టు, తిట్టు, నాతో మాట్లాడటం మాత్రం మానెయ్యకు."

"ఎనభై మూడుకి చప్పట్లు కొట్టావే నువ్వు" అన్నాను. "నా కూతురివై ఉండి."

అది ఏడ్చింది. ఏడవనిచ్చాను. నాకు జాలి కలగలేదు, కలగాలనీ అనుకోలేదు. బండిని షెడ్డులోకి తోసుకుపోతుంటే వెనకాలే వచ్చింది.

"బాబాయ్ ఫోన్లో ఏదోలా మాట్లాడాడు. నాన్న సంగతి మీ అమ్మే చెప్తుందిలే అన్నాడు. నాన్న సంగతేంటమ్మా?" మొహం తెల్లగా పాలిపోయింది. "నాన్నది మాత్రం నిజమే కదా?"

చిన్నప్పుడు దానికి రోజూ పడుకోబెట్టేముందు ఆ కథే కావాలి. ముల్లు వంద మీద నిలబడటం, నాన్న అరవడం, అమ్మ సరేననడం. వాళ్ళ నాన్న శవపేటిక ముందు నిలబడి ఊరందరికీ చెప్పింది కూడా అదే కథ. ఇప్పుడు దాని పిల్లలకి చెప్తోంది. నిజం నా నోట్లోనే ఉంది. ఊళ్ళో ఎవరికీ భయపడని నోరు ఇది. ఒక్క మాట చాలు, నన్ను ఆడించినందుకు కూతురికి, మొగుడికి ఒక్క దెబ్బతో బాకీ తీరిపోతుంది.

"నిజమే" అన్నాను. "నేను వెనకాలే కూర్చున్నా కదే. ముల్లు నా కళ్ళతో చూశాను."

లోర్నా నా మీద వాలిపోయి భుజం తడిచేలా ఏడ్చింది. నేను దాని వీపు నిమురుతూ నిలబడ్డాను. ఎల్లిస్ మీద అంత కోపం నాకు బతుకులో ఎప్పుడూ రాలేదు. పెళ్ళికి ముందు ఒకసారి, పోయేముందు ఒకసారి మోసం చేశాడు. ఇప్పుడు పోయిన తరవాత కూడా, తన అబద్ధం నా నోటితోనే చెప్పించాడు.